ఓడ ఆగితే ఖర్చు ఎవరి ఖాతాలో?
రేవు సమ్మెలు, విదేశీ నావికులు, రాజీ మార్గాలు: డెల్టా వర్తకులు తెలుసుకోవలసిన సంగతులు

విజయవాడ: రేవులో పని ఆగితే దాని సెగ గొల్లపూడి టోకు మార్కెట్‌కు చేరటానికి ఎంతో కాలం పట్టదు. కృష్ణా డెల్టా బియ్యం, మిర్చి, పసుపు, రొయ్యలు సముద్రం దాటవలసిన సరుకులు. వంటనూనెలు, ఎరువులు, మినుములు సముద్రం దాటి రావలసిన సరుకులు. మచిలీపట్నంలో కొత్త రేవు పనులు 2023 మే నెలలో మొదలైనాయి గాని, డెల్టా సరుకు దశాబ్దాలుగా ఎక్కి దిగుతున్నది ఉత్తరాన కాకినాడ, విశాఖపట్నాలలోను, దక్షిణాన కృష్ణపట్నం, చెన్నైలలోను. ఈ నాలుగింటిలో ఎక్కడ పని నిలిచినా, తొలుత కదలక ఆగేది ఓడ. ఆ తరువాత లారీ, గోదాము, మిల్లు, చివరకు కమతం దాకా అది పాకుతుంది.

2024 ఆగస్టులో సరిగ్గా ఇటువంటి పరిస్థితి ముంగిటికి వచ్చి తప్పిపోయింది. కేంద్ర ప్రభుత్వ పరిధిలోని పెద్ద రేవుల కార్మికులు వేతన సవరణ కోరుతూ ఆగస్టు 28 నుంచి నిరవధిక సమ్మె చేస్తామని నోటీసు ఇచ్చారు. వారి పాత వేతన ఒప్పందపు గడువు 2021 డిసెంబరు 31తోనే తీరిపోయింది. అప్పటికి డెల్టాలో సార్వా నాట్లు పూర్తవుతూ, పైపాటుగా యూరియా వేయవలసిన అదను నడుస్తున్నది. ఆ వారంలో ఎరువు ఓడలు రేవు బయట లంగరు వేసి కూర్చుంటే పరిస్థితి ఎట్లా వుండేదో ఎరువుల డీలర్లకు వేరే చెప్పనక్కరలేదు. సమ్మెకు ఒక్కరోజు ముందు, ఆగస్టు 27న, రేవుల సంఘానికీ కార్మిక ఫెడరేషన్లకూ రాజీ కుదిరింది. మూల వేతనం, దానిపై కరువుభత్యం కలిపిన మొత్తం మీద 8.5 శాతం పెంపుదలకు ఉభయులూ అంగీకరించారు. సమ్మె విరమించబడింది.

ఆ రోజున పెద్ద నష్టం తప్పింది. అయితే అది తప్పకపోయి వుంటే ఎవరి నష్టం ఎంత, ఏ కాగితం ఎవరిని కాపాడి వుండేది, రేవులో చిక్కుకున్న పరదేశపు ఓడ సిబ్బంది గతి ఏమిటి, ఇటువంటి తగవులను ఎవరు ఎట్లా తీరుస్తారు అన్న ప్రశ్నలు మాత్రం మిగిలే వున్నాయి. ఎగుమతి, దిగుమతి బేరాలలో చేయి పెట్టే ప్రతి వర్తకునికీ వీటి సమాధానాలు ఖాతా పుస్తకమంత అవసరం.

అన్ని రేవులూ ఒకటి కావు

మొదట గమనించవలసినది రేవుల తరగతి. ఆంధ్రప్రదేశ్‌లో కేంద్రం అజమాయిషీలో వున్న పెద్ద రేవు విశాఖపట్నం ఒక్కటే. కాకినాడ, గంగవరం, కృష్ణపట్నం రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోనివి. 2024 నాటి వేతన చర్చలు పెద్ద రేవుల కార్మికులకు సంబంధించినవే గనుక, సమ్మె జరిగినా కాకినాడలో బియ్యం ఎగుమతి పని నేరుగా ఆగవలసిన అవసరం లేదు.

అంతమాత్రాన కాకినాడ ఎగుమతిదారు నిశ్చింతగా వుండవచ్చునా అంటే అదీ కాదు. విశాఖలోను, చెన్నైలోను దిగవలసిన సరుకు పక్క రేవులకు మళ్ళుతుంది. అక్కడ బెర్తుల కోసం వరుస పెరుగుతుంది. లారీల బాడుగ, గోదాముల అద్దె పైకి లేస్తాయి. పైగా కాకినాడ లంగరు రేవులో ఓడలు తీరానికి దూరంగా ఆగి, సరుకు బార్జీల మీద వెళ్ళి ఎక్కుతుంది. బార్జీ కార్మికులు, ఎగుమతి దిగుమతి ముఠా కూలీలు పని ఆపితే అది వేరే తగవు, దాని రాజీ వేరే చోట. కనుక "రేవు సమ్మె" అన్న కబురు రాగానే ఏ రేవు, ఏ కార్మికులు, ఏ యజమాని అన్న మూడు ప్రశ్నలూ వేసుకోవాలి.

పని ఆగటంలో మూడు తీరులు

సముద్ర వ్యాపారంలో పని ఆగటం మూడు విధాలుగా జరుగుతుంది. వీటి మధ్య తేడా తెలియక నష్టపోయేవారు ఎక్కువ.

ఒకటి, ఒడ్డున పనిచేసే రేవు కార్మికుల సమ్మె. ఓడ సిద్ధంగా వుంటుంది, సరుకు సిద్ధంగా వుంటుంది, మధ్యన చేతులు లేవు. రెండు, ఓడ సిబ్బంది తామే పని మానుకోవటం. జీతాలు నెలల తరబడి అందకపోవటం, ఒప్పంద కాలం ముగిసినా ఇంటికి పంపకపోవటం దీనికి సాధారణ కారణాలు. మూడు, ప్రభుత్వమో న్యాయస్థానమో ఓడను నిలిపివేయటం. ఇది సమ్మె కాకపోయినా సరుకు యజమాని కంటికి ఫలితం ఒకటే.

మొదటి తీరులో ఖర్చు ఎవరిదన్నది కిరాయి పత్రంలోని మాటలను బట్టి వుంటుంది. రెండవ తీరులో సాధారణంగా ఓడ యజమానిదే బాధ్యత. తన జీతగాళ్ళు పని చేయకపోవటం తన లోపమే కనుక, కాలం లెక్కన కిరాయికి తీసుకున్న ఓడ విషయంలో సిబ్బంది సమ్మె చేసిన రోజులకు కిరాయి ఆగిపోయేటట్లు ప్రామాణిక పత్రాలలో షరతు వుంటుంది. మూడవ తీరులో తప్పు ఎవరిదో తేలేదాకా ఎవరి లాయరు వారిది.

కిరాయి పత్రంలో ఏమున్నది?

ఓడ కిరాయి పత్రాన్ని వాడుకలో చార్టర్ పార్టీ అంటారు. ఓడ రేవు చేరి, సరుకు ఎక్కించుకోవటానికి సిద్ధమని కెప్టెను నోటీసు ఇచ్చిన తరువాత, సరుకు ఎక్కించటానికి ఇన్ని రోజులని గడువు వుంటుంది. ఆ గడువు దాటితే రోజుకు ఇంతని ఓడ యజమానికి చెల్లించేది డెమరేజి. గడువుకు ముందే ముగిస్తే తిరిగి వచ్చేది డెస్పాచి. ఒకసారి డెమరేజి మొదలైతే, పత్రంలో ప్రత్యేకించి వ్రాసుకుంటే తప్ప, ఆదివారం గాని వాన గాని దానిని ఆపలేవన్నది ఓడ వ్యాపారంలో పాత సూత్రం.

సమ్మె సంగతికి వస్తే, విడి సరుకుల రవాణాలో విరివిగా వాడే జెన్‌కాన్ పత్రంలో దీనికి ప్రత్యేక షరతు వున్నది. 1994 నాటి పత్రం ప్రకారం, ఎక్కించే రేవులో సమ్మె వస్తే, సమ్మె లేనట్లే రోజులు లెక్కవేయటానికి ఒప్పుకుంటారా అని ఓడ యజమాని కిరాయిదారును అడగవచ్చు. 24 గంటలలో వ్రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే కిరాయి ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు యజమానికి వస్తుంది. అప్పటికే కొంత సరుకు ఎక్కివుంటే మాత్రం ఆ సరుకుతో ఓడ బయలుదేరవలసిందే. ఎక్కినంత సరుకుకే కిరాయి ముడుతుంది. మిగిలిన ఖాళీలో దారిలో వేరే సరుకు వేసుకునే స్వేచ్ఛ యజమానికి వుంటుంది.

దించే రేవులో సమ్మె 48 గంటలలో తేలకపోతే కిరాయిదారుకు రెండు దారులు వున్నాయి. సమ్మె ముగిసేదాకా ఓడను ఆపుకోవచ్చు. అప్పుడు గడువు తీరిన నాటి నుంచి సమ్మె ముగిసేవరకు సగం డెమరేజి, ఆ పైన పూర్తి డెమరేజి చెల్లించాలి. లేదా సమ్మె భయం లేని మరొక సురక్షిత రేవుకు ఓడను మళ్ళించమని ఆదేశించవచ్చు. ఆ ఆదేశం కూడా సమ్మె నోటీసు అందిన 48 గంటలలోగా ఇవ్వాలి. ఎరువు గాని, నూనె గింజలు గాని దిగుమతి చేసుకునేవారు ఈ 48 గంటలను ఏజెంటు చేతిలో వదిలి నిద్రపోరాదు.

ఇవన్నీ అచ్చు పత్రంలోని షరతులు. బేరం సమయంలో దళారులు వీటిలో కొన్ని కొట్టివేసి, కొన్ని చేర్చి సంతకాలు చేయిస్తారు. కనుక చివరికి చెల్లేది అచ్చులో వున్నది కాదు, కొట్టివేతల తరువాత మిగిలినది.

ఒక లెక్క

ఉదాహరణకు ఒక ఎగుమతిదారు 25,000 టన్నుల ఉప్పుడు బియ్యం ఎక్కిస్తున్నాడనుకుందాం. రోజుకు 2,500 టన్నుల చొప్పున పది రోజుల గడువు. డెమరేజి రోజుకు 12,000 డాలర్లని వ్రాసుకున్నారనుకుందాం. ఐదు రోజులు పని సాగిన తరువాత సమ్మె వచ్చి ఎనిమిది రోజులు నడిచింది. ఆ తరువాత మిగిలిన ఐదు రోజుల పని జరిగింది. మొత్తం 18 రోజులు.

సమ్మె రోజులు గడువులో లెక్కకు రావని పత్రంలో వుంటే డెమరేజి సున్న. లెక్కకు వస్తాయని వుంటే ఎనిమిది రోజుల డెమరేజి, అనగా 96,000 డాలర్లు. టన్నుకు 3 డాలర్ల 84 సెంట్లు. డాలరు రూ.85 చొప్పున వేసుకుంటే టన్నుకు రూ.326, క్వింటాలుకు రూ.32 పైచిలుకు. బియ్యం బేరంలో క్వింటాలుకు పది రూపాయల తేడాకు కొనుగోలుదారు పక్క మిల్లుకు పోతాడన్నది అందరికీ తెలిసిందే. ఒక్క వాక్యం వున్నదా లేదా అన్నదాని మీద ఆ సీజను లాభమంతా ఆధారపడి వుంటుంది.

ఎఫ్.ఓ.బి. పద్ధతిలో అమ్మినవారు "ఓడ కొనుగోలుదారుది కదా, మనకేమి" అనుకోవటం పొరపాటు. ఓడను కుదిర్చినది కొనుగోలుదారే అయినా, రోజుకు ఇన్ని టన్నులు ఎక్కించాలి, ఆలస్యమైతే డెమరేజి అమ్మకందారుదే అన్న షరతు అమ్మకపు ఒప్పందంలో తరచుగా వుంటుంది. కిరాయి పత్రంలో సమ్మెకు మినహాయింపు వుండి అమ్మకపు ఒప్పందంలో లేకపోతే, అమ్మకందారు ఇరుక్కుంటాడు. రెండు కాగితాలలోను ఒకే మాట వుండేటట్లు చూసుకోవటం దళారి ధర్మం.

బ్యాంకు, భీమా

లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో సరుకు ఎక్కించవలసిన ఆఖరు తేదీ వుంటుంది. రేవులో సమ్మె జరిగినంత మాత్రాన ఆ తేదీ దానంతటదే ముందుకు జరగదు. బ్యాంకులు చూసేది కాగితాలనే గాని సరుకును కాదు. బిల్ ఆఫ్ లేడింగు మీద తేదీ ఒక్కరోజు దాటినా కాగితాలు తిరిగి వస్తాయి. కనుక సమ్మె నోటీసు పడిన వెంటనే కొనుగోలుదారుకు వ్రాసి తేదీ సవరణ అడగాలి. సమ్మె మొదలైన తరువాత అడిగితే, ఆ వేళకు ధర పడివుంటే, ఆయన సవరణకు బదులు తగ్గింపు అడుగుతాడు.

భీమా విషయంలోనూ ఒక భ్రమ వున్నది. మామూలు సరుకు భీమా పత్రంలో సమ్మె వలన కలిగే నష్టానికి మినహాయింపు వుంటుంది. అదనపు ప్రీమియం కట్టి సమ్మె షరతును చేర్చుకున్నా, సమ్మెదార్ల చర్య వలన సరుకుకు భౌతికంగా కలిగే నష్టానికే పరిహారం ముడుతుంది. ఆలస్యం వలన కలిగిన నష్టానికి, కూలీలు లేనందువలన కలిగిన నష్టానికి ఆ షరతు కూడా వర్తించదు. రేవులో పదిహేను రోజులు నిలిచి మిర్చి రంగు మారినా, ఉల్లి మొలకెత్తినా భీమా కంపెనీ తలుపు తట్టి ప్రయోజనం వుండదు.

ఓడలో మనుషులు వున్నారు

రేవు సమ్మె గురించి మాట్లాడేటప్పుడు సరుకును తలచుకున్నంతగా ఓడ మీది మనుషులను ఎవరూ తలచుకోరు. కాకినాడకో విశాఖకో వచ్చిన ఓడ జెండా పనామాది కావచ్చు, యజమాని గ్రీకు దేశస్థుడు కావచ్చు, కెప్టెను ఉక్రెయిన్ వాడు, కళాసీలు ఫిలిప్పీన్స్ వారు కావచ్చు. తగవు వారిది కాదు. అయినా ఓడ దిగటానికి వీలులేక, మంచినీరు, కూరగాయలు లెక్క చూసుకుంటూ రోజులు గడపవలసింది వారే.

అట్లాగే పరదేశపు రేవులలో చిక్కుకునే ఓడలలో మన కోస్తా జిల్లాల పిల్లలు వుంటారు. అందుచేత ఈ విషయం ఇక్కడి ఇళ్ళకు కూడా సంబంధించినదే.

2006లో కుదిరిన సముద్ర కార్మిక ఒడంబడిక ఇటువంటివారికి ప్రధాన రక్షణ. భారతదేశం దీనిని 2015 అక్టోబరులో ధ్రువీకరించింది. దీని సవరణలు 2017 జనవరి 18 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం, యజమాని సిబ్బందిని ఇంటికి పంపకపోయినా, తిండి నీరు చూడకపోయినా, కనీసం రెండు నెలల జీతం ఎగవేసినా ఆ సిబ్బందిని యజమాని గాలికి వదిలినట్లే లెక్క. అప్పుడు ఓడ తరఫున ముందుగానే పెట్టిన ఆర్థిక హామీ నుంచి నాలుగు నెలల జీతం వరకు, ఇంటికి చేరే ఖర్చులు చెల్లించాలి.

ఇది చదివి "మాకెందుకు" అనుకునే వర్తకుడు ఒక సంగతి గమనించాలి. 2017 నాటి మన అడ్మిరాల్టీ చట్టం ప్రకారం ఓడ మీద వసూలు చేసుకునే హక్కులలో సిబ్బంది జీతాలది మొదటి వరుస. జీతాలు అందని సిబ్బంది హైకోర్టుకు వెళితే ఓడను రేవులోనే నిలిపివేయించవచ్చు. లోపల సరుకు వున్నా సరే. చౌక కిరాయికి ఆశపడి, జీతాలు ఎగవేసే యజమాని ఓడను కుదుర్చుకుంటే, ఆ చౌక ఎక్కడ తేలుతుందో దీనిని బట్టి ఊహించవచ్చు.

నైజీరియాలో జరిగినది

సమ్మె చేసేవారు విదేశీ సిబ్బందిని కదలనివ్వకుండా నిలిపివేసిన ఉదంతాలలో 2003 నాటి నైజీరియా సంఘటన పేర్కొనదగినది. ఆ ఏడాది ఏప్రిల్‌లో, నైజీరియా తీరానికి దూరంగా సముద్రంలో చమురు బావులు తవ్వే నాలుగు రిగ్గుల మీద స్థానిక కార్మికులు సమ్మెకు దిగారు. రిగ్గులు ట్రాన్సోషన్ అనే అమెరికన్ కంపెనీవి. సంఘం కార్యకర్తలపై తీసుకున్న చర్యలు, ఒడ్డుకు హెలికాప్టరులో గాక పడవలలో పంపటం తగవుకు కారణాలు. దాదాపు 97 మంది విదేశీ సిబ్బంది అక్కడే చిక్కుకుపోయారు. వారిలో బ్రిటిష్‌వారు, అమెరికన్లు ఎక్కువ.

చమురు ఎగుమతి దేశంలో ఇటువంటి వార్త రాగానే మార్కెట్లు ఉలికిపడతాయి. నౌకాదళం రంగంలోకి దిగుతుందన్న ఊహాగానాలు సాగాయి. అయితే ఆయా దేశాల దౌత్య కార్యాలయాలు, కంపెనీ, నైజీరియా కార్మిక సంఘాల నాయకులు సంప్రదింపుల దారినే పట్టారు. మే మొదటి వారానికల్లా రక్తపాతం లేకుండా అందరూ ఒడ్డుకు చేరారు.

ఇందులో మూడు పాఠాలు వున్నాయి. తగవును ఎరిగిన కార్మిక సంఘమే మంచి మధ్యవర్తి కాగలదు. సముద్రం మధ్యన, చమురు బావి పక్కన బలప్రయోగం వలన అందరికీ నష్టమే. మనుషుల క్షేమాన్ని ముందుగా విడదీసి మాట్లాడితే జీతభత్యాల తగవు తరువాత నెమ్మదిగా తేల్చుకోవచ్చు.

సరుకు ఒక దారి, మనుషులు ఒక దారి

మనుషులను సరుకు నుంచి విడదీయటమన్న ఈ సూత్రమే మనవారి విషయంలోనూ పనిచేసింది. 2020లో ఆస్ట్రేలియా బొగ్గుతో చైనా వెళ్ళిన రెండు ఓడలు అక్కడ దించుకోవటానికి అనుమతి లేక నెలల తరబడి లంగరు మీద వుండిపోయాయి. జింగ్‌టాంగ్ రేవు వద్ద జూన్ నుంచి నిలిచిన జగ్ ఆనంద్‌లో 23 మంది, కావోఫెయిడియాన్ వద్ద సెప్టెంబరు నుంచి నిలిచిన అనస్తాసియాలో 16 మంది, మొత్తం 39 మంది భారతీయ నావికులు. తగవు రెండు ప్రభుత్వాల మధ్య వాణిజ్యానిది. సిబ్బంది చేసిన తప్పేమీ లేదు. కోవిడ్ నిబంధనలు మరొక అడ్డంకి.

బీజింగ్‌లోని మన దౌత్య కార్యాలయం, విదేశాంగ శాఖ, నౌకాయాన శాఖ వరుసగా సంప్రదింపులు జరిపాయి. చివరకు తేలిన మార్గం, సరుకు అమ్మకం సంగతి పక్కన పెట్టి ఓడను మూడవ దేశానికి నడిపించటం. జగ్ ఆనంద్ 2021 జనవరిలో జపాన్‌లోని చిబా రేవు చేరింది. అక్కడ సిబ్బంది మారారు. అనస్తాసియా సిబ్బంది కూడా తరువాత జపాన్ మీదుగానే ఇంటికి చేరారు. బొగ్గు ధర ఎంత పడిందన్న లెక్క తరువాత వచ్చింది.

ఇటువంటి సందర్భాలలో దౌత్యం మందకొడిగా నడవటానికి కారణం లేకపోలేదు. ఓడ జెండా ఒక దేశానిది, యజమాని మరొక దేశంవాడు, సిబ్బంది ఇంకొక దేశంవారు, ఓడ నిలిచిన రేవు నాలుగవ దేశానిది. నాలుగు రాజధానుల నుంచి కాగితాలు కదలాలి. అందుకే అనుభవజ్ఞులైన ఏజెంట్లు ఢిల్లీకి కబురు పంపే ముందు జెండా దేశం ఏది, భీమా క్లబ్బు ఏది అని విచారిస్తారు.

కాకినాడ ఉదంతం

ఇంటి ముంగిట జరిగిన సంఘటన 2024 నవంబరు నాటిది. పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్ దేశపు కోటొనూ రేవుకు బియ్యం తీసుకుపోవటానికి కాకినాడ లంగరు రేవుకు వచ్చిన స్టెల్లా ఎల్ పనామా అనే ఓడలో రేషను బియ్యం వున్నట్లు అధికారులు కనుగొన్నారు. నవంబరు 29న ఉప ముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ రేవుకు వచ్చి పరిశీలించిన తరువాత ఇది దేశమంతటా వార్త అయింది. తనిఖీలలో 1,320 టన్నులు రేషను బియ్యమని తేల్చారు. ఆ సరుకును దించిన తరువాత 2025 జనవరి మొదటి వారంలో గాని ఓడ కదలలేదు.

ఇది సమ్మె కాదు. రేషను బియ్యం విషయంలో ప్రభుత్వ చర్య అవసరమా అన్నది ఇక్కడ ప్రశ్న కూడా కాదు. అదే ఓడలో సక్రమమైన బియ్యం ఎక్కించిన ఎగుమతిదార్ల సొమ్ము కూడా వారాల తరబడి నీటి మీద నిలిచిపోయింది. ఓడ సిబ్బంది కూడా అన్నాళ్ళూ లంగరు మీదనే వున్నారు. ఒకే ఓడలో పలువురి సరుకు కలిసి పోయేటప్పుడు ఒకరి బస్తా మీద పడిన అనుమానం అందరి బిల్లులనూ ఆపుతుంది. పొత్తు సరుకులో పక్కవాని సరుకు ఎక్కడిదో తెలుసుకోవటం కూడా వ్యాపారంలో భాగమేనని ఈ ఉదంతం తెలిపింది.

దూరపు రేవు, దగ్గర చెరువు

ఆ ఏడాది అక్టోబరు 1న అమెరికా తూర్పు తీరం, గల్ఫ్ తీరం రేవులలో దాదాపు 45,000 మంది కార్మికులు సమ్మె కట్టారు. 1977 తరువాత ఆ తీరంలో అంతటి సమ్మె అదే మొదటిది. మన రొయ్యలకు అమెరికా ప్రధానమైన మార్కెట్ కనుక కైకలూరు, భీమవరం ప్రాంతాల చెరువుల గట్ల మీద కూడా దానిని గురించి మాట్లాడుకున్నారు. శీతల కంటైనరుకు రేవులో ప్రతి గంటా కరెంటు ఖర్చే. మూడవ రోజునే ఆరేళ్ళలో 62 శాతం వేతనం పెంచటానికి సూత్రప్రాయంగా అంగీకారం కుదిరి, పనులు మొదలైనాయి. ప్రభుత్వం తన పలుకుబడి ఉపయోగించింది గాని, కార్మికులను బలవంతంగా పనిలోకి దింపే చట్టాన్ని ప్రయోగించలేదు.

దీనికి భిన్నమైన అనుభవం విజయవాడకు కొత్త కాదు. 1974 మే 8 నుంచి 27 వరకు సాగిన రైల్వే సమ్మెలో ఈ జంక్షను కూడా స్తంభించింది. నాడు వేలాదిగా అరెస్టులు జరిగాయి. ఒప్పందం లేకుండానే సమ్మె ముగిసింది. రైళ్ళు తిరిగాయి గాని, తగవు తీరలేదు. మార్కెట్‌కు కావలసినది పని మొదలు కావటం ఒక్కటే కాదు, మళ్ళీ ఆగదన్న నమ్మకం కూడా. ఆ నమ్మకం సంతకాలతోనే వస్తుంది.

నోటీసే మొదటి గంట

2024లో రేవు సమ్మెలకు 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం వర్తించేది. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోకి వచ్చింది. రెండింటిలోను వర్తకునికి పనికివచ్చే అంశం ఒకటున్నది. రేవులో సమ్మె చేయాలంటే నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చిన 14 రోజుల లోపల సమ్మె చేయరాదు. రాజీ అధికారి సమక్షంలో సంప్రదింపులు సాగుతున్నంత కాలం, అవి ముగిసిన ఏడు రోజుల వరకు కూడా చేయరాదు.

అనగా చట్టబద్ధమైన రేవు సమ్మె ఏదీ చెప్పకుండా రాదు. కనీసం రెండు వారాల వ్యవధి వుంటుంది. ఆ రెండు వారాలలో ఎల్.సి. తేదీ సవరించుకోవచ్చు, సరుకును పక్క రేవుకు మళ్ళించవచ్చు, మిల్లు నుంచి కదలికను తగ్గించి గోదాము అద్దె తప్పించుకోవచ్చు. సమ్మె మొదలైన రోజు పత్రిక చూసి పరుగెత్తేవారికి ఈ వెసులుబాటు వుండదు. 2024 ఆగస్టులో వలె చాలా నోటీసులు ఆఖరు ఘడియలో రాజీ అవుతాయి. అందుచేత నోటీసు పడగానే భయపడి సరుకు తెగనమ్ముకోవటం, లేదా కొరత వస్తుందని ఎరువు నిలవ వేయటం రెండూ తరచుగా చేతులు కాల్చే పనులే.

వర్తకులు, దళారులు సరిచూసుకోవలసిన అంశాలు ఇవి. కిరాయి పత్రంలోను, అమ్మకపు ఒప్పందంలోను సమ్మె షరతు ఒకే తీరున వున్నదా? కొట్టివేతల తరువాత మిగిలిన మాటలు ఏమిటి? 24, 48 గంటల జవాబులకు ఎవరు బాధ్యులు? ఎల్.సి. ఆఖరు తేదీకి, ఓడ వచ్చే తేదీకి మధ్య కనీసం రెండు వారాల వెసులుబాటు వున్నదా? భీమాలో సమ్మె షరతు చేర్చారా, అది దేనికి వర్తించదో తెలుసునా? కుదుర్చుకుంటున్న ఓడకు సిబ్బంది జీతాల విషయంలో మంచి పేరు వున్నదా?

చివరిగా ఒక తేదీ. 2024 ఆగస్టులో పెద్ద రేవుల కార్మికులకు కుదిరిన వేతన ఒప్పందం 2022 జనవరి 1 నుంచి ఐదేళ్ళకు వర్తిస్తుంది. దాని గడువు 2026 డిసెంబరు 31. పాత ఒప్పందం తీరిన తరువాత కొత్తది కుదరటానికి గతసారి రెండున్నరేళ్ళకు పైగా పట్టింది. ఆ తేదీ దాటి సరుకు ఎక్కించవలసిన ఒప్పందాలపై సంతకం చేసేవారు సమ్మె షరతును రెండుసార్లు చదువుకోవటం మంచిది.